డ్రాగన్‌ఫ్లై ఎలా దొరుకుతుంది, రకూన్ డబ్బులిచ్చి కొనాలా: గ్రో ఎ గార్డెన్ ఆడే కావలి తమ్ముడికి జవాబు

ప్రశ్న: "అన్నా, నేను డిగ్రీ సెకండ్ ఇయర్, మాది కావలి. నేనూ మా చెల్లీ ఒకే అకౌంట్‌లో రోబ్లాక్స్‌లో ఉండే తోట ఆట గ్రో ఎ గార్డెన్ ఆడతాం. పెట్స్ పుట్టే గుడ్లలో బగ్ ఎగ్స్ నలభై పగలగొట్టినా డ్రాగన్‌ఫ్లై రాలేదు. సర్వర్ మారిస్తే వస్తుందని ఒకరు, రాత్రి 12కి పగలగొడితే వస్తుందని ఒకరు చెప్తున్నారు. ఒకతను 900 రూపాయలకు రకూన్ అనే పెట్ ఇస్తానంటున్నాడు. సగం ముందు యూపీఐ చేయాలంట. చెల్లి రోజూ అడుగుతోంది. ఏం చేయమంటావు?"

జవాబు:

ఆ 900 పంపొద్దు తమ్ముడూ. ముందు ఈ మాట చెప్పేసి మిగతావి తీరిగ్గా మాట్లాడతాను. నువ్వు ఇది చదివే లోపలే అతను "ఇంకొకరు అడుగుతున్నారు, త్వరగా చెప్పు" అని మెసేజ్ పెట్టి ఉంటాడు. పెట్టకపోతే రేపు పెడతాడు.

నాది కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి డ్యూటీ. ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా, కరెంటు పోతే జనరేటర్ అందుకుందా లేదా, తెల్లారుజామున ఆక్సిజన్ ఎంత ఉంది, ఇదే పని. మధ్యలో ఖాళీ ఉంటుంది కానీ నిద్రపోకూడదు. 2025 వేసవిలో మా అన్న పిల్లలు ఈ గేమ్ నా ఫోన్‌లో ఎక్కించి వెళ్లారు. వాళ్లు మానేశారు, నేను మానలేదు. అందుకని పెట్స్ గురించి నేను చెప్పేది వీడియోలు చూసి చెప్పేది కాదు.

సర్వర్ సంగతి చూద్దాం. సర్వర్ అంటే కొంతమంది కలిసి ఆడే ఒక గది లాంటిది. పెట్ ఎగ్ షాపులో సరుకు అరగంటకోసారి మారుతుంది, విత్తనాల షాపు ఐదు నిమిషాలకోసారి. ఆ సరుకు అన్ని సర్వర్లలోనూ ఒకటే. నీ సర్వర్‌లో బగ్ ఎగ్ లేదంటే పక్క సర్వర్‌లోనూ లేదు. ఇంకో సంగతి, షాపులో ఉన్నది ఇంకొకడు కొనేస్తే నీకు తగ్గదు, ఎవరి కోటా వాళ్లదే. కాబట్టి ఖాళీ సర్వర్ కోసం వెతుక్కుంటూ తిరిగితే నెట్ బ్యాలెన్స్ తప్ప ఏమీ తరగదు.

రాత్రి 12 మాట కూడా అంతే. గుడ్డులో ఏ పెట్ ఎంత శాతం అనేది గుడ్డుకు రాసిపెట్టి ఉంటుంది. ఆ శాతాలు గేమ్‌లోనే చూపిస్తారు కూడా. నువ్వు పగలగొట్టే టైముకీ, వాటర్ చల్లావా లేదా అనేదానికీ, గుడ్డు చుట్టూ ఎన్నిసార్లు తిరిగావనేదానికీ సంబంధం లేదు. మా చెరువుల దగ్గర పనిచేసే కుర్రాడొకడు గుడ్డు ముందు క్యారెట్లు వరసగా నాటితే బన్నీ బదులు మంచిది వస్తుందని గట్టిగా నమ్ముతాడు. వాడికి ఒకసారి అలా వచ్చింది, అంతే.

ఇప్పుడు లెక్క. ఇక్కడ కాస్త నిదానంగా చదువు, నీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. బగ్ ఎగ్‌లో స్నెయిల్ 40 శాతం, జెయింట్ యాంట్ 30, క్యాటర్‌పిల్లర్ 25, ప్రేయింగ్ మాంటిస్ 4, డ్రాగన్‌ఫ్లై 1. ఒక శాతం అంటే అందరూ "వంద గుడ్లు పగలగొడితే ఒకటి వచ్చి తీరుతుంది" అనుకుంటారు. అలా రాదు. నీలాగా నలభై గుడ్లు పగలగొట్టిన వంద మందిని ఒంగోలు బస్టాండులో వరసగా నిలబెడితే అందులో 67 మందికి డ్రాగన్‌ఫ్లై ఉండదు. నీకు రాకపోవడం వింత కాదు, మామూలు సంగతి. సగం అవకాశం దాటాలంటే 69 గుడ్లు కావాలి. వంద పగలగొట్టినా రానివాళ్లు వందకి 37 మంది దాకా ఉంటారు. రెండు వందల ముప్పై పగలగొట్టినా పది మంది ఖాళీ చేతులతోనే మిగులుతారు.

ఇంకోటి, "నలభై అయిపోయాయి కదా, ఇక దగ్గరపడి ఉంటుంది" అని మనసులో ఉంటుంది చూడు, దాన్ని తీసి పక్కన పెట్టు. నలభై ఒకటో గుడ్డుకి ముందు నలభై గుడ్ల సంగతి తెలియదు. దానికీ ఒక శాతమే.

ఖర్చు చూడు. బగ్ ఎగ్ ఒక్కోటి 5 కోట్ల షెకెల్స్, అంటే పంట అమ్మితే వచ్చే ఆట డబ్బు. వంద గుడ్లంటే 500 కోట్లు. పొదగడానికి ఒక్కోదానికి 8 గంటలు. మొదట్లో ఒకేసారి మూడు గుడ్లే పెట్టుకోవచ్చు. పొద్దున కాలేజీకి వెళ్లే ముందు మూడు, సాయంత్రం వచ్చాక మూడు, పడుకోబోయే ముందు ఇంకో మూడు పెట్టేవాడికి కూడా రోజుకి తొమ్మిదికి మించవు. అసలు అడ్డం అది కూడా కాదు. బగ్ ఎగ్ షాపులో కనపడేదే బహు తక్కువ. నువ్వు ఆన్‌లైన్‌లో లేని అరగంటలో వచ్చి పోయిన గుడ్డు నీది కాదు. కాబట్టి అరుదైన పెట్ దొరకడం అనేది చోటు తెలియడం కాదు. ఎన్ని గుడ్లు కొనగలిగావు, ఎన్ని పొదగగలిగావు, అంతే. ఈ రెండూ పెంచుకునే దారులు ఉన్నాయి. వాటి మీద పడాలి.

కొనే టైము: షాపు మన గడియారంలో గంటకీ అరగంటకీ మారుతుంది. ఎనిమిది, ఎనిమిదిన్నర, తొమ్మిది, ఇలా. ఆ నిమిషానికి ఒకసారి తెరిచి చూసి మూసేస్తే చాలు, మధ్యలో కూర్చోనక్కర్లేదు. గేమ్ తెరిచి వదిలేస్తే 20 నిమిషాలు కదలకపోతే బయటికి తోసేస్తుంది. కాబట్టి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి వదిలేయడం పనికిరాదు. సరుకు ఏముందో చెప్పే గ్రూపులు ఉన్నాయి. సరుకు అందరికీ ఒకటే కాబట్టే అలాంటి గ్రూపులు పని చేస్తాయి. కానీ వాటిలో వచ్చే లింకులు నొక్కొద్దు, చదివి వదిలేయి. చెల్లిని అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టొద్దు. నేను మెలకువగా ఉంటానంటే నా ఉద్యోగం అది, లేకపోతే నేనూ పడుకునేవాణ్ణే.

పొదిగే చోటు: పెట్స్ మెనూలో వయసు పెరిగిన పెట్‌ని ఇచ్చేసి గుడ్డు స్లాట్ (గుడ్డు పెట్టే చోటు) గానీ పెట్ స్లాట్ గానీ పెంచుకోవచ్చు. మొదటిదానికి వయసు 20 చాలు, తర్వాత 30, 45, అలా పెరుగుతూ పోతుంది. చివరికి ఎనిమిది గుడ్లు ఒకేసారి పెట్టుకోవచ్చు. ఇచ్చిన పెట్ తిరిగి రాదు. అందుకని దీనికి బన్నీ, డాగ్ లాంటి చవక పెట్‌ని పెంచు. కొత్తవాళ్లు చేసేదేంటంటే మంచి పెట్‌ని అన్నిటికన్నా ముందు పెంచుతారు, స్లాట్ కోసం ఇవ్వాల్సి వచ్చేసరికి చేతిలో వయసొచ్చింది అదొక్కటే ఉంటుంది. నా మాట విని రెండు మూడు బన్నీలు ఇప్పటినుంచే మేపు. కడుపు ఖాళీ అయితే వయసు పెరగదు. నీ తోటలో అమ్మితే రేటు రాని పండ్లు ఏవుంటే అవి పెట్టు.

ముందు గుడ్డు స్లాట్లు పెంచాలా, పెట్ స్లాట్లు పెంచాలా అంటే, అరుదైనవి కావాలనుకునేవాడికి గుడ్డు స్లాట్లే ముందు. దీని మీద వేరేగా చెప్పేవాళ్లున్నారు. వాళ్లు డబ్బు సంపాదన చూస్తారు. నీ ప్రశ్న అది కాదు కదా.

వేగం: అన్‌కామన్ ఎగ్‌లో చికెన్ వస్తుంది, పొదిగే వేగం 10 శాతం పెంచుతుంది. రేర్ ఎగ్‌లో రూస్టర్, 20 శాతం. అన్‌కామన్ ఎగ్ లక్షన్నర, రేర్ ఎగ్ 6 లక్షలు. ఇవి అందుబాటులో ఉండేవే, రూస్టర్ రేర్ ఎగ్‌లో ఆరింట ఒకటి వస్తుంది. డ్రాగన్‌ఫ్లై కోసం ఏడ్చే ముందు మూడు రూస్టర్లు సంపాదించు. పేరు చూసి నవ్వొద్దు. ఎనిమిది గంటల గుడ్డు ముందే విచ్చితే రోజులో ఇంకో బ్యాచ్ పట్టే వీలుంటుంది.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. పాతకాపులు చేసేది ఇంకొకటి ఉంది, అదే నాకు నచ్చిన భాగం. సీల్ అని ఒక పెట్ ఉంది, వేసవి ఈవెంట్‌లో రేర్ సమ్మర్ ఎగ్ నుంచి 10 శాతంతో వచ్చేది. అది సంచిలో కాకుండా తోటలో బయట ఉన్నప్పుడు నువ్వు ఏదైనా పెట్‌ని అమ్మితే, కొద్దిపాటి అవకాశంతో ఆ పెట్ తాలూకు గుడ్డు తిరిగి నీ చేతికి వస్తుంది. కోయ్ అనే చేప పెట్ ఇంకో రకం. గుడ్డు పగలగొట్టినప్పుడే కొద్దిపాటి అవకాశంతో గుడ్డు వెనక్కి వస్తుంది. అర్థమైందా? నువ్వు పొద్దున స్నెయిల్ వచ్చిందని విసుక్కుని అమ్మేశావు చూడు, ఆ స్నెయిల్ ఇంకో బగ్ ఎగ్ అయ్యే అవకాశం ఉంది. అందుకని పనికిరాని పెట్స్‌ని వచ్చినవి వచ్చినట్టు అమ్మరు. సంచిలో పోగేసి పెట్టుకుంటారు. పగలగొట్టేటప్పుడు కోయ్‌లు బయట పెట్టి, అమ్మేటప్పుడు వాటిని లోపలికి తీసేసి సీల్స్ బయట పెట్టి, అప్పుడు అన్నీ ఒక్కసారి అమ్ముతారు. డైనోసార్ ఎగ్‌లో వచ్చే బ్రొంటోసారస్ ఉంటే పుట్టే పెట్స్ పెద్ద సైజులో వచ్చే అవకాశం పెరుగుతుంది. సైజు పెద్దదైతే దాని శక్తీ ఎక్కువ, ట్రేడ్‌లో (ఆటగాళ్లు పెట్స్ మార్చుకునేటప్పుడు) రేటూ ఎక్కువ.

నీ దగ్గర సీల్ ఉండకపోవచ్చు. ఈవెంట్ గుడ్లు ఈవెంట్ అయిపోగానే షాపులోంచి పోతాయి. ఆ సీల్‌ని ట్రేడ్‌లో తీసుకోవడం డ్రాగన్‌ఫ్లై తీసుకోవడం కంటే సులువు, ఎందుకంటే పిల్లలెవరూ సీల్ కావాలని ఏడవరు. (అదే రేర్ సమ్మర్ ఎగ్‌లో ఫ్లెమింగో 30 శాతం. సూళ్లూరుపేట ఫ్లెమింగో పండక్కి వెళ్లొచ్చిన మా అన్న కూతురికి మొదటి గుడ్డులోనే అది వచ్చింది. ఇంకేం అక్కర్లేదు అని ఆట ఆపేసింది. నేను చూసినవాళ్లలో ఈ గేమ్‌ని గెలిచింది అదొక్కతే.)

నువ్వు అడగలేదు గానీ, నిజంగా డ్రాగన్‌ఫ్లై కావాలా అన్నది కూడా చూడాలి. అది సుమారు ఐదు నిమిషాలకోసారి నీ తోటలో ఏదో ఒక పండుని గోల్డ్ చేస్తుంది. గోల్డ్ అంటే రేటు 20 రెట్లు. ఏ పండు అనేది దాని ఇష్టం. తోట నిండా స్ట్రాబెరీ, టమాటా ఉంటే వాటినే బంగారం చేస్తుంది, దాని వల్ల ఒరిగేది తక్కువ. ఖరీదైన చెట్లు, మళ్లీ మళ్లీ కాసేవి ఉన్నవాడి తోటలో అది నిజంగా డబ్బు. ముందు చవక మొక్కలు పీకేసి తోట బాగుచేసుకుంటే డ్రాగన్‌ఫ్లై లేకుండానే నీ సంపాదన పెరుగుతుంది, ఆ సంపాదనతో గుడ్లు పెరుగుతాయి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

రకూన్ ఇంకా విచిత్రం. పావుగంటకోసారి పక్కవాళ్ల తోటలోకి వెళ్లి ఒక పంట కాపీ చేసుకుని తెచ్చిస్తుంది. పక్కవాడికి ఏమీ పోదు. అంటే నీ రకూన్ విలువ నీ పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి. చెల్లీ నువ్వూ ఇద్దరే ప్రైవేట్ సర్వర్‌లో కూర్చుంటే అది చెల్లి క్యారెట్లు తెచ్చి నీకిస్తుంది. బాగా ఆడే వాళ్లున్న సర్వర్‌లో ఉంటే లాభం. దాని అవకాశం నైట్ ఎగ్‌లో వెయ్యికి ఒకటి చుట్టుపక్కల ఉండేది. సగం అవకాశానికే దాదాపు 690 గుడ్లు. 2025 మే నెలలో లూనార్ గ్లో ఈవెంట్ నడిచినప్పుడు వచ్చిన గుడ్డు అది. ఇప్పుడు కొత్తగా ఆడేవాడు దాన్ని గుడ్డులోంచి తీస్తానని కూర్చోవడం శుద్ధ దండగ. అదే వరసలో కిట్సునే ఉంది, జెన్ ఎగ్‌లో 0.08 శాతం, అంటే పదివేలలో ఎనిమిది. సగం అవకాశానికి 866 గుడ్లు. డిస్కో బీ అనే పెట్ 0.25 శాతం. టీ-రెక్స్ 0.5 శాతం. వీటి పేర్లు ఎందుకు చెప్తున్నానంటే, "కిట్సునే వచ్చేసింది!" అని వీడియో పెట్టేవాడు ఆ రోజు ఎన్ని గుడ్లు పగలగొట్టాడో చూపించడు. వచ్చిన గుడ్డు ఒక్కటే చూపిస్తాడు.

అందుకని నీ స్థితిలో ఉన్నవాడికి నేను చెప్పే గుడ్డు బగ్ ఎగ్ కాదు, మిథికల్ ఎగ్. 80 లక్షలు, పొదగడానికి 5 గంటల 7 నిమిషాలు. గ్రే మౌస్ 35.71, బ్రౌన్ మౌస్ 26.79, స్క్విరెల్ 26.79, రెడ్ జెయింట్ యాంట్ 8.93, రెడ్ ఫాక్స్ 1.79. రెడ్ ఫాక్స్‌కి సగం అవకాశం 39 గుడ్లకే వస్తుంది. నువ్వు బగ్ ఎగ్స్ మీద పెట్టిన 200 కోట్లతో 250 మిథికల్ గుడ్లు వచ్చేవి. అన్ని గుడ్లు షాపులో దొరకవులే, లెక్క కోసం చెప్తున్నా. రెడ్ ఫాక్స్ పది నిమిషాలకోసారి ఇంకొకరి తోటకి వెళ్లి ఒక మొక్క తాలూకు విత్తనం తేవడానికి చూస్తుంది. ప్రతిసారీ దొరకదు. దొరికినప్పుడు మాత్రం షాపులో వారాల తరబడి కనపడని విత్తనం ఊరికే వస్తుంది.

దానికంటే కింద లెజెండరీ ఎగ్, 30 లక్షలు, 4 గంటలు. టర్టిల్, పోలార్ బేర్ చెరో 2.13 శాతం. రెండిట్లో ఏదైనా పర్వాలేదనుకుంటే పదహారు గుడ్లకే సగం అవకాశం. అందులో ఆవు 42.55 శాతం, అందుకని ఎవడికీ లెక్కలేదు. దగ్గర్లో ఉన్న మొక్కల్ని త్వరగా పెంచుతుంది పాపం. ఒంగోలు పక్కవాణ్ణి, ఆవుని అమ్మబుద్ధి కాదు నాకు. మన గిత్తలు బ్రెజిల్ వెళ్లి నెలోర్ అన్న పేరుతో అక్కడి మందల్ని నింపాయంటే, ఈ గేమ్‌లో మాత్రం ఆవు కనపడగానే "అయ్యో" అంటారు. నేను మూడు ఆవుల్ని పక్కపక్కనే పెట్టి ఖరీదైన మొక్కలు వాటి చుట్టూ నాటాను. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఇప్పుడు ట్రేడ్. 2025 ఆగస్టులో ట్రేడింగ్ పెట్టాక ఈ ఆట సంగతే మారిపోయింది. అంతకుముందు గిఫ్ట్ ఇవ్వడమే ఉండేది, అంటే నువ్వు ముందు ఇవ్వాలి, అవతలివాడు తర్వాత ఇస్తాడో లేదో దేవుడికే తెలియాలి. ఇప్పుడు టికెట్ పెట్టి ట్రేడ్ తెరిస్తే ఇద్దరి పెట్స్ ఒకే బాక్సులో కనపడతాయి, ఇద్దరూ ఒప్పుకుంటేనే మారతాయి. డ్రాగన్‌ఫ్లైకి నీకున్న దారి ఇదే. నలభై బగ్ ఎగ్స్ పగలగొట్టావంటే ఒకటి రెండు ప్రేయింగ్ మాంటిస్‌లు వచ్చి ఉండాలి. నాలుగు శాతం కదా. వాటిని అమ్మేశావా? అమ్మకపోతే అవే నీ పెట్టుబడి. ఒకటి రెండు మాంటిస్‌లు, దాని మీద సైజు పెద్దది ఏదైనా, ఇలా చేర్చుకుంటూ పైకి ఎక్కాలి. ఒకేసారి కింది నుంచి పైకి దూకాలని చూసేవాణ్ణే మోసగాళ్లు పట్టుకుంటారు.

రేట్ల గురించి ఒకటే మాట. పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయ రేటు ఎలాగో ఇదీ అలాగే, కాయలో తేడా లేకపోయినా వచ్చే లోడుని బట్టి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. శనివారం అప్‌డేట్ వచ్చిందంటే పాతవాటి మీద మోజు తగ్గుతుంది, అందరూ కొత్తదానికి ఎగబడతారు. పాత పెట్స్ తీసుకోవాలంటే అదే సమయం. కొత్తగా వచ్చిన పెట్‌ని మొదటి రెండు రోజుల్లో తీసుకునేవాడు మాత్రం నిలువునా మునుగుతాడు. నీకు అదృష్టవశాత్తూ కొత్త ఈవెంట్ పెట్ ఏదైనా మొదటిరోజే వస్తే, దాచుకోవద్దు, ఆ రోజే ఇచ్చేసి డ్రాగన్‌ఫ్లై అడుగు. అప్పుడు ఇస్తారు. వారం ఆగితే ఇవ్వరు. 2025 జూన్‌లో ఒకే సమయంలో రెండు కోట్ల మందికి పైగా ఈ ఆటలో ఉన్న రోజులున్నాయి. అప్పటి రేట్లు చెప్పి "నా డ్రాగన్‌ఫ్లై అంత విలువ" అని ఇప్పుడు ఎవరైనా అంటే నవ్వి వచ్చేయి.

ట్రేడ్ బాక్సులో పేరు ఒక్కటే చూడొద్దు. వయసు, బరువు చూడు. చివరి నిమిషంలో అవతలివాడు పెట్ తీసేసి మళ్లీ పెట్టాడంటే, పెట్టింది అదేనో కాదో మొదటి నుంచి చూడు. తొందరపెట్టాడంటే రద్దు చేసి బయటికి రా. మర్యాద ఏం పోదు.

ఆ 900 మనిషి దగ్గరికి వస్తాను. ఆటలో పెట్‌కి బయట డబ్బులు తీసుకోవడం రోబ్లాక్స్ నిబంధనలకే విరుద్ధం. అంటే అతను నిజాయితీపరుడే అయినా, పెట్ నీకు వచ్చినా, నీ అకౌంట్ పోయే ప్రమాదం ఉంది. మోసగాడైతే నువ్వు వెళ్లి కంపెనీకి చెప్పుకునే మొహం ఉండదు. ఇక "సగం ముందు" అన్నవాడు ఆ సగం కోసమే ఉన్నాడు. 450 కోసం ఎవరూ పోలీసుల దాకా పోరని వాడికి తెలుసు. కొంతమంది ఇంకా తెలివైనవాళ్లు, "నీకే డబ్బు తిరిగి పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అంటారు. డబ్బు రావడానికి పిన్ కొట్టే పని ఉండదు అబ్బయ్యా, పోవడానికే పిన్. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. పంపకపోతే బ్లాక్ చేసి నీ పని చూసుకో.

డబ్బు అడగనివాళ్లు ఇంకా ప్రమాదం. "ఈ స్క్రిప్ట్ వేసుకో, గుడ్డులో ఏముందో ముందే కనపడుతుంది" అంటారు. స్క్రిప్ట్ అంటే ఆటలో దొంగదారిన నడిపే ప్రోగ్రామ్. అలాంటి స్క్రిప్టుల్లో చాలావాటి పని ఏంటంటే నీ సంచిలో ఉన్న మంచి పెట్స్‌ని వాడి అకౌంట్‌కి పంపేయడం. నీ కళ్ల ముందే ఒక్కొక్కటీ పోతుంది, స్క్రీన్ మీద "లోడింగ్" అని ఉంటుంది. ఇంకో రకం, ప్రైవేట్ సర్వర్ లింక్ అని పంపుతారు, నొక్కితే రోబ్లాక్స్ లాగే ఉన్న పేజీ వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. గేమ్‌లో నువ్వు ముందే లాగిన్ అయి ఉన్నప్పుడు మళ్లీ పాస్‌వర్డ్ అడిగేది ఏదైనా సరే మూసేయి. ఏదో కోడ్ కాపీ చేసి బ్రౌజర్‌లో అతికించమంటే అస్సలు చేయొద్దు, దాంతో పాస్‌వర్డ్ లేకుండానే నీ అకౌంట్‌లోకి దిగుతారు. పాస్‌వర్డ్ తర్వాత కోడ్ కూడా అడిగే టూ-స్టెప్ వెరిఫికేషన్ ఈ రాత్రే పెట్టు. ఒకే అకౌంట్‌లో ఇద్దరు ఆడుతున్నారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. కోడ్ నీ ఫోన్‌కి రావాలి, చెల్లి ట్యాబ్‌కి కాదు. అది ఊరికే ఎవరికైనా చెప్పేస్తుంది, చిన్నపిల్ల కదా.

రోబక్స్ (నిజం డబ్బుతో కొనే రోబ్లాక్స్ నాణేలు) పెట్టి గుడ్లు కొనొచ్చా అంటే, కొనొచ్చు, అది నిబంధనల ప్రకారమే. నేను మాత్రం వద్దంటాను. రోబక్స్‌తో కొన్న గుడ్డుకీ అవే శాతాలు. షెకెల్స్ పోతే మళ్లీ పండించుకుంటాం. నాన్న కార్డు మీద పోయినవి పండవు. చెల్లి ట్యాబ్‌లో కార్డు సేవ్ చేసి ఉంటే తీసేయి.

చెల్లికి చెప్పడానికి ఒక ఉపాయం చెప్తాను, మా అన్న కొడుకు దగ్గర పనిచేసింది. "డ్రాగన్‌ఫ్లై ఎప్పుడు వస్తుంది" అని అడిగినప్పుడల్లా తేదీ చెప్పొద్దు, కాగితం మీద పేర్లు రాసిపెట్టు: మూడు రూస్టర్లు, ఇంకో గుడ్డు స్లాట్, ఒక రెడ్ ఫాక్స్, ఒక సీల్. ఇవన్నీ వస్తాయని కాస్త ధైర్యంగా చెప్పగలిగేవి. ఒక్కోటి వచ్చినప్పుడు కొట్టేయమను. మావాడు ఆ కాగితం సగం అయ్యేసరికి డ్రాగన్‌ఫ్లై మాట మర్చిపోయి పోలార్ బేర్‌కి పేరు పెట్టడంలో పడ్డాడు. ఇంకో జాగ్రత్త, మంచి పెట్స్ అన్నిటికీ పొరపాటున అమ్మకుండా ఫేవరెట్ గుర్తు పెట్టు. ఒకే అకౌంట్‌లో ఇద్దరు ఆడే ఇళ్లలో అరుదైన పెట్స్ ఎక్కువగా పోయేది మోసగాళ్ల చేతిలో కాదు, "నేను చూసుకోకుండా అమ్మేశా" అనే చేతిలో.

ఒకటి చెప్పాలి, శాతాలూ రేట్లూ అప్‌డేట్లతో మారుతుంటాయి. నేను పైన రాసినవాటితో మొండిగా ఉండకు, పగలగొట్టే ముందు గుడ్డు వివరాల్లో ఉన్న అంకె చూసుకో, అదే లెక్క. లెక్క చేసే పద్ధతి మాత్రం మారదు: 70ని ఆ శాతంతో భాగించు, సగం అవకాశానికి కావలసిన గుడ్లు దాదాపుగా వచ్చేస్తాయి. నాలుగు శాతమైతే 70 బై 4, పదిహేడు పద్దెనిమిది. అర శాతమైతే 140. నీ దగ్గరున్న షెకెల్స్‌తో అన్ని గుడ్లు రావంటే ఆ పెట్‌ని గుడ్డులో వెతకొద్దు, ట్రేడ్‌లో వెతుకు.

నా దగ్గర రూస్టర్లు ఎక్కువే ఉన్నాయి. ఒకటి నీకు గిఫ్ట్ చేస్తాను, తిరిగి ఏమీ ఇవ్వక్కర్లేదు. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక, మేత వేసి, రొయ్యలు తిన్నాయో లేదో తెలిసే చెక్ ట్రేలు చూసుకుని వచ్చాక ఆన్‌లైన్‌లో ఉంటాను. నీ యూజర్‌నేమ్ మాత్రమే పంపు. ఇంకేదైనా అడిగే మెసేజ్ నా పేరుతో వస్తే అది నేను కాదు. వచ్చేటప్పుడు ఆ నలభై గుడ్లలో ఎన్ని మాంటిస్‌లు వచ్చాయో, వాటి బరువులెంతో చూసి చెప్పు. దాన్ని బట్టి ఎవర్ని ఏం అడగాలో మాట్లాడుకుందాం.